రెండో మెట్టు మీద ఇరవై ఏళ్లు

మీ ఊళ్లో మైనర్ లీగ్ బేస్‌బాల్ మైదానం ఉందా? ఉంటే ఒకసారి వెళ్లి చూడండి. అక్కడ ఆడేవాళ్లలో చాలామంది మేజర్ లీగ్ దాకా ఎప్పటికీ వెళ్లలేరు. "మరి ఎందుకు ఆడటం? టైమ్ వేస్ట్ కదా!" అని మన ఇళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఎందుకో చెబుతాను, వినండి.

మైక్ హెస్‌మన్ పేరు మీరు బహుశా విని ఉండరు. ఆయన ఇన్‌ఫీల్డర్, అంటే బేస్‌ల దగ్గర కాపలా కాసే ఆటగాడు. ఎక్కువగా మొదటి బేస్ దగ్గర, మూడో బేస్ దగ్గర ఆడేవారు. 1996లో అట్లాంటా బ్రేవ్స్ జట్టు ఆయన్ని డ్రాఫ్ట్‌లో తీసుకుంది. 2015 దాకా ఆడారు. అందులో మేజర్ లీగ్ మ్యాచ్‌లు 109 మాత్రమే. మైనర్ లీగ్‌లో అయితే రెండు వేలకు పైనే! 2015 ఆగస్టు 3న టొలీడో మడ్ హెన్స్ తరఫున తన 433వ హోమ్ రన్ కొట్టారు. దాంతో బజ్ ఆర్లెట్ పేరు మీద 1937 నుంచి ఉన్న 432 హోమ్ రన్‌ల రికార్డు చెరిగిపోయింది. అమెరికా మైనర్ లీగ్‌లలో అంతకుముందు ఎవరూ అన్ని కొట్టలేదు.

ఈ రికార్డులో ఒక తమాషా ఉంది. పైకి వెళ్లి అక్కడే స్థిరపడినవాళ్లకు ఇది దక్కదు. పైకి వెళ్లి, కిందికి వచ్చి, మర్నాడు మళ్లీ బ్యాట్ పట్టుకున్నవాళ్లకే దక్కుతుంది. దీన్ని ఓటమి అందామా? నేననను. పని బాగా చేయడం వేరు, పెద్ద పేరు రావడం వేరు. "ఎంత పైకి వెళ్లావు?" అనే ప్రశ్న ఒక్కటే అడిగితే రెండోదే కనిపిస్తుంది, మొదటిది కనిపించదు.

"మాటలు బాగానే ఉన్నాయి, ఇల్లు గడవద్దా?" అంటారు పెద్దవాళ్లు. నిజమే. ఆ ప్రశ్న అడగాల్సిందే. కానీ దాన్ని ఆటగాడిని కాదు, అతని చేత ఆడించేవాళ్లను అడగాలి. మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద ఉన్న ట్రిపుల్-ఎ స్థాయిలో కూడా, 2022లో కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్లే. ఆ ఏడాది మైనర్ లీగ్ ఆటగాళ్లు యూనియన్‌లో చేరారు. 2023లో కుదిరిన ఒప్పందంతో అది 35,800 డాలర్లు అయింది. ఆట మీద ప్రేమ ఉంది కదా అని తక్కువ జీతం ఇవ్వడం న్యాయం కాదు. చప్పట్లు కొడితే సరిపోదు, కడుపు నిండే జీతం కూడా ఇవ్వాలి.

ఆట మానేశాక హెస్‌మన్ డెట్రాయిట్ టైగర్స్‌కు చెందిన మైనర్ లీగ్ జట్లలో బ్యాటింగ్ కోచ్ అయ్యారు. ఇరవై ఏళ్లలో నేర్చుకున్నది కుర్రాళ్లకు నేర్పారు. అదంతా వృథా అయి ఉంటే నేర్పడానికి ఏం మిగిలేది?

మీరూ ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటారు: వయొలిన్, కూచిపూడి, ఈత, ఈ తెలుగు కూడా. అందరూ మొదటి వరుసలోకి రారు. అయినా ఈరోజు నిన్నటికంటే బాగా చేశారా లేదా అన్నది మీకు తెలుస్తుంది. ముందు ఆ లెక్క చూసుకోండి.

మీరేమంటారు? నా మాట ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. ఒప్పుకుంటే ఎందుకో, ఒప్పుకోకపోతే ఎందుకో, ఐదు వాక్యాల్లో రాయండి. ముందు ఇంట్లో అమ్మానాన్నలతో ఒకసారి వాదించి చూడండి, తెలుగులోనే!