సబ్బుకేం తక్కువ?

పిల్లవాడు సైకిలు మీంచి పడి, మోకాలు దోక్కుపోయి ఇంటికొస్తే మన ఇళ్ళల్లో నీళ్ళకన్నా ముందు సలహాలొస్తాయి. నాయనమ్మ పసుపంటుంది. పక్కింటి పిన్నిగారు కాఫీపొడి అంటారు. పనిమనిషి గడ్డిచామంతి పసరు పిండమంటుంది. చదువుకున్న మామయ్య ఈ నాటువైద్యాలన్నిటినీ ఈసడించి, ఏదో కాప్స్యూల్ విప్పి అందులో పొడి చల్లుతాడు. చివరికి అది మోకాలో, పోపులపెట్టో తెలీకుండా పోతుంది!

నాకు పసుపు మీద పగేం లేదు. గాయాలకు పసుపు వాడకం తమదేనంటూ 1995లో అమెరికాలో పేటెంటు పుచ్చుకుంటే, మన సి.ఎస్.ఐ.ఆర్. వాదించి 1997లో రద్దు చేయించింది. గర్వించాల్సిందే. అయితే అక్కడ తేలింది ఆ వాడకం మనకు పాతదని మాత్రమే. పొద్దున్నించీ తడి చెంచాలు మునిగే మన వంటింటి పసుపు డబ్బాలో క్రిములు లేవని ఎవరూ సర్టిఫికెట్టు ఇవ్వలేదు. పైగా పసుపు గానీ, కాఫీపొడి గానీ అట్టకట్టుకుంటే అడుగున ఇసుకుందో, చీముందో కనిపించదు.

ఇంతా చేసి, కావలసిందేమిటి? మన చేతులు కడుక్కోవాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కాసేపు నొక్కిపట్టాలి. కుళాయి ధార కింద మట్టీ ఇసుకా పోయేదాకా కడగాలి. చుట్టూ సబ్బుతో తోమాలి. పల్చగా వాజలిన్ రాసి, గాజుగుడ్డతో కప్పి, రోజూ మార్చాలి. పైసా ఖర్చులేని వైద్యమంటే మనకు చులకన! మండితేనే మందని మనవాళ్ళ నమ్మకం. స్పిరిటు పోస్తే క్రిములతోపాటు కొత్తగా పుట్టే చర్మమూ మాడుతుందని చెబితే వినరు.

"కట్టు కట్టకు, గాలి తగలనీ, పక్కు కడుతుంది" అనేది ఇంకో శాసనం. 1962లోనే జార్జి వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందుల మీద పరీక్షించి, కప్పి తేమగా ఉంచిన గాయం మీద చర్మం దాదాపు రెట్టింపు వేగంతో అల్లుకుంటుందని చూపించాడు. ఇక, పప్పు తింటే చీము పడుతుందట! చీమంటే క్రిములూ, వాటితో పోరాడి చచ్చిన తెల్లకణాలూను. చర్మం అతుక్కోవడానికి కావలసిన మాంసకృత్తులున్న పప్పునే పిల్లాడికి మాన్పించడం ఏం న్యాయం?

మందుల సంగతి సరే, గాయాన్ని రోజూ విప్పి చూసేవారెవరు? మొదటిరోజు కాస్త ఎరుపూ, రసీ మామూలే. తగ్గాల్సిన నొప్పి రెండోరోజుకి ఎక్కువై సలుపుతున్నా, వాచినా, చీము పట్టినా, వాసనేసినా జాగ్రత్త పడాలి. మన చామనఛాయల మీద ఎరుపు తేలిగ్గా తెలీదు. చేతి వెనకభాగం ఆనించి వేడి చూడండి. గాయం చుట్టూ పెన్నుతో గీత గీయండి. ఎరుపు గీత దాటినా, చార కట్టి పైకి పాకినా, గజ్జల్లో బిళ్ళ కట్టినా, జ్వరమొచ్చినా ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మట్టీ పేడా తగిలిన గాయమైతే ధనుర్వాతం టీకా వేయించి అయిదేళ్ళు దాటిందేమో కూడా చూసుకోవాలి.

ఈ హడావిడంతా పిల్లవాడి మోకాలికే సుమండీ! అదే ఇల్లాలి కాలు గుమ్మానికి తగిలి దోక్కుపోతే? "ఆఁ, ఏముందిలే" అని చీరకుచ్చెళ్ళు కప్పేసి పొయ్యి దగ్గరికి నడుస్తుంది. నా అసలు కోపం ఇక్కడే. ఆవిడకి చక్కెరవ్యాధి ఉంటే కాలు మొద్దుబారి నొప్పే తెలియకపోవచ్చు. తెలియని నొప్పిని ఓర్చుకోవడం ఓర్పు కాదు, ప్రమాదం. చిన్న దోకుడు పుండై, పుండు ముదిరి కాలే తీసేయాల్సిన దాకా వస్తుంది. నొప్పి లేదని ఊరుకోకుండా అలాంటి గాయాన్ని వెంటనే డాక్టరుకు చూపించాలి.

శుక్రవారం శుక్రవారం పాదాలకు నిండుగా పసుపు రాసుకుంటాం కదా, ఎప్పుడైనా ఆ పాదాన్ని తిప్పి అరికాలు చూసుకున్నామా? రాత్రి వంటిల్లు కడిగాక రెండు నిమిషాలు దీపం కింద కూర్చుని చూసుకోండి. "ఏమిటే, అలా కూర్చున్నావ్?" అని ఎవరైనా అడిగితే, అద్దం ఒకటి తెచ్చి పట్టుకోమనండి.