మొక్క నాటారు సరే.. హాస్టల్ కరెంటు బిల్లు చూశారా?

జూన్ 5 వస్తే కాలేజీల్లో ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. గేటు పక్కన గుంత తీసి ఉంటుంది. ప్రిన్సిపాల్ గారు, ముఖ్య అతిథి, ఎన్ఎస్ఎస్ వాలంటీర్లు చుట్టూ నిలబడతారు. ఒక మొక్క, పది చేతులు, ఇరవై ఫోన్లు! తర్వాత సెమినార్ హాల్లో ఏసీ 18 మీద పెట్టుకుని భూతాపం మీద గంటన్నర ఉపన్యాసం. ఆమధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇలాంటి కార్యక్రమానికే పోస్టర్ల పోటీ న్యాయనిర్ణేతగా వెళ్లాను. పోస్టర్లు బాగున్నాయి. ధ్రువపు ఎలుగుబంట్లు, కరిగే మంచుకొండలు, కన్నీళ్లు పెట్టుకునే భూగోళం. ‘మీ క్యాంపస్‌కు నెలకు ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుంది?’ అని అడిగాను. పిల్లలే కాదు, వేదిక మీదున్న మేము కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మొక్కలు నాటొద్దని కాదు, నాటండి. కానీ లెక్క కూడా చూడండి. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చుకునే కార్బన్ డయాక్సైడ్ సుమారు ఇరవై కిలోలని చెబుతారు. మీరు నాటిన మొక్క అంత చెట్టు కావడానికి ఏళ్లు పడుతుంది, అదీ వేసవిలో ఎవరైనా నీళ్లు పోస్తే. ఇప్పుడు మీ హాస్టల్ గదిలో తిరుగుతున్న పాత ఫ్యాన్ చూడండి. అది తినేది 75 వాట్లు. అదే గాలి ఇచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగిందనుకుంటే ఒక్క ఫ్యాన్ మీద మిగిలేది దాదాపు 200 యూనిట్లు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు వెనుక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే ఒక ఫ్యాన్ మారిస్తే ఏడాదికి 140 కిలోలు, ఏడు పెద్ద చెట్ల పని. ఐదొందల ఫ్యాన్ల హాస్టల్ అయితే 70 టన్నులు. దీనికి రిబ్బన్ కత్తిరించే అవకాశం లేదు కాబట్టి ఎవరూ ఫొటో దిగరు.

ఏసీల సంగతి ఇంకా విచిత్రం. సెట్టింగ్ ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎప్పటినుంచో చెబుతోంది. 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలు 24 డిగ్రీల మీదే ఆన్ కావాలన్న నిబంధన కూడా వచ్చింది. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది గ్యాస్ సంగతి. ‘ఏటా వేసవికి ముందు గ్యాస్ నింపిస్తాం సార్’ అని మెయింటెనెన్స్ వాళ్లు గర్వంగా చెబుతారు. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదండీ. ఏటా నింపాల్సి వస్తోందంటే ఏటా లీకవుతోందని అర్థం. ఆర్-410ఎ అనే గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి. దాదాపు మూడు వేల యూనిట్ల కరెంటు కాల్చినట్టు. పైపు జాయింట్ దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూసే మెకానిక్ పని, ఆ రోజు వేదిక మీద మేం ఇచ్చిన ఉపన్యాసాలన్నింటికంటే విలువైనదని నా అభిప్రాయం.

రాకపోకలు కూడా ఒకసారి లెక్కేయండి. సిటీ నుంచి ఘట్‌కేసర్ వైపో, ఇబ్రహీంపట్నం వైపో రోజూ 50 కిలోమీటర్లు బైక్ మీద తిరిగే విద్యార్థి లీటరుకు కాస్త ఎక్కువే పెట్రోల్ కాలుస్తాడు. అంటే రెండున్నర కిలోల కార్బన్ డయాక్సైడ్. అదే దూరం నిండుగా వెళ్లే కాలేజీ బస్సులో అయితే మనిషికి కిలో కూడా పడదు. బస్సు సగం ఖాళీగా తిరుగుతుంటే మాత్రం ఈ లెక్క చెడుతుంది. మీ కాలేజీ బస్సు టైమింగ్స్ పిల్లలకు కుదిరేలా ఉన్నాయా, బైక్ కొనుక్కోవడమే నయమనిపించేలా ఉన్నాయా? వాతావరణ మార్పు మీద సెమినార్ పెట్టే కమిటీ ఈ ప్రశ్న ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని అడగడం నేనైతే వినలేదు.

ఇక మెస్. పారేసిన అన్నం లారీ ఎక్కి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరితే, గాలి ఆడని గుట్ట కింద కుళ్లి మీథేన్ అవుతుంది. నూరేళ్ల లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఏం చేశారో చూడండి. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తల టెక్నాలజీతో రోజుకు పది టన్నుల కుళ్లిన కూరగాయల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంట గ్యాస్ తీసేలా ప్లాంటు పెట్టారు. మార్కెట్ చేయగలిగింది వెయ్యి మంది తినే మెస్ చేయలేదా?

ఇదంతా ఎక్కడో విదేశాల్లో నేర్చుకోవాలనుకుంటే పొరపాటు. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఉండేవారు కొత్తగూడ జంక్షన్‌లో సిగ్నల్ దగ్గర ఎన్ని గంటలు గడిపారో లెక్కలేదు. అక్కడికి దగ్గర్లోనే సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. దాని చిరునామాలోనే ‘కొత్తగూడ పోస్ట్’ అని ఉంటుంది. భవనం పెద్దదేం కాదు, ఇరవై వేల చదరపు అడుగులు. కానీ 2003లో లీడ్ ప్లాటినం రేటింగ్ తెచ్చుకుంది, 69కి 56 పాయింట్లతో. అమెరికా బయట ఆ రేటింగ్ పొందిన మొదటి భవనం అదే. 2004 జులైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. మధ్యలో ఆరుబయలు, గోడలకు జాలీలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే గాలి గోపురాలు, పైకప్పు మీద పచ్చదనం, సోలార్ పలకలు. మన పాత మండువా ఇళ్లు, కోటలు చూసినవారికి ఇందులో సగం కొత్తగా అనిపించదు. ఆ జంక్షన్ మీదుగా రోజూ వెళ్లే ఆర్కిటెక్చర్, సివిల్ విద్యార్థులను ఎప్పుడు అడిగినా లోపలికి వెళ్లామన్నవారు నాకు పెద్దగా తగల్లేదు. చుట్టూ ఎటు చూసినా నిలువెత్తు అద్దాల గోడలే. ఎండను లోపలికి రానిచ్చి, మళ్లీ ఏసీలతో బయటికి తోయడం!

ఇంకో ఉదాహరణ గచ్చిబౌలిలోనే ఉంది. ట్రిపుల్ఐటీ హైదరాబాద్ పరిశోధకులు, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్లు కలిసి మన నగరంలోనే ఒక ఐటీ క్యాంపస్ డాబాల మీద తెల్లపూత వేసి కొలిచారు. 2012లో వచ్చిన ఆ పరిశోధన పత్రం చెప్పిందేమిటంటే, నల్లగా ఉన్న పైకప్పును తెల్లగా మారిస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు మిగిలాయి. మామూలు కాంక్రీటు డాబా అయితే 13, 14 యూనిట్లు మిగులుతాయని అంచనా. తర్వాత 2017లో అదే సంస్థ, ఆస్కీ, మరికొందరు కలిసి దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ల మీద చల్లటి పైకప్పులు ప్రయత్నిస్తే లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఏసీ లేని ఇంట్లో మే నెలలో రెండు డిగ్రీలంటే రాత్రి నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ ఉన్న తేడా. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. దేశంలో ఏ రాష్ట్రానికైనా ఇదే మొదటిది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లబరచాలన్నది లక్ష్యం. ఒక క్యాంపస్‌లో కొలిచిన సంగతి ఒక రాష్ట్రం పాలసీ దాకా వెళ్లే దారి ఇలా ఉంటుంది. క్యాంపస్‌లు భూతాపానికి ఏం చేయగలవంటే నేను ముందు చెప్పేది ఇదే. తమ కరెంటు తగ్గించుకోవడం చిన్న పని. తమ డాబా మీద తేల్చి ఊరికి చూపించడం పెద్ద పని.

క్యాంపస్ అంటే డాబాలూ ల్యాబులే కాదు, నేల కూడా. 2025 ఉగాది సెలవుల్లో కంచ గచ్చిబౌలిలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఆ భూమి తమదేనని ప్రభుత్వం అంది. కాగితాల మీద హక్కెవరిదన్న వాదన వేరు. ఐటీ పార్కులూ కావాలి, ఉద్యోగాలూ కావాలి, నేను కాదనను. కానీ పండగ పూట హాస్టళ్లలో ఉండిపోయిన పిల్లలు రోడ్డెక్కకపోతే ఆ చెట్ల సంగతి మనకు కొట్టేశాకే తెలిసేది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులన్నీ ఆపమంది. అప్పటికే దాదాపు వంద ఎకరాలు చదునైందని కోర్టుకు నివేదిక అందింది. ఆ పిల్లల దగ్గర నినాదాలు మాత్రమే లేవని గమనించాలి. నెమళ్లు, చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్ల ఫొటోలు ఉన్నాయి. ఏళ్ల తరబడి చెరువుల దగ్గర తిరిగి రాసుకున్న పక్షుల జాబితాలు ఉన్నాయి. ‘అక్కడేముంది, ఖాళీ భూమే కదా’ అన్నవారికి సమాధానం ఆ నోటు పుస్తకాల్లో దొరికింది. మీ క్యాంపస్‌లో ఏ చెట్లున్నాయో, ఏ మూల నీళ్లు నిలుస్తాయో ఎవరైనా రాసి పెట్టారా? రేపు అవసరం పడితే అప్పటికప్పుడు జాబితా తయారు కాదు.

‘ఇవన్నీ బాగానే ఉన్నాయి, ప్లేస్‌మెంట్ మాటేమిటి?’ అంటారు. అడగాల్సిన ప్రశ్నే. షేర్ మార్కెట్లో నమోదైన పెద్ద కంపెనీల్లో మొదటి వెయ్యి తమ కరెంటు, నీరు, ఉద్గారాల వివరాలతో బీఆర్ఎస్ఆర్ నివేదిక ఇవ్వాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. యూరప్‌కు ఉక్కు, అల్యూమినియం, సిమెంటు అమ్మాలంటే 2026 నుంచి కార్బన్ లెక్కకు సుంకం ముడిపడింది. మన దేశంలో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం 2023లో నోటిఫై అయింది. ఈ లెక్కలు వేసే మనుషులు కావాలి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ సర్టిఫికేషన్ పరీక్షలు పెడుతుంది. ఆడిటర్‌కు రంగంలో అనుభవం కావాలి కాబట్టి డిగ్రీ చేతికి రాగానే కుదరదు, కానీ దారి తెలిసి ఉండాలి. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ పరీక్ష విద్యార్థులు కూడా చూసుకోవచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో గ్రీన్‌కో పేరుతో సస్టైనబిలిటీ స్కూలే ఉంది.

ఒక్క జాగ్రత్త. ‘సస్టైనబిలిటీ’ పేరుతో రెండు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్లు కుప్పలుగా దొరుకుతున్నాయి. రెజ్యూమెలో అలాంటివి నాలుగు ఉండడం కంటే ‘మా హాస్టల్‌లో ఫలానా బ్లాక్ కరెంటు ఇంత నుంచి ఇంతకు తగ్గించాం, ఇలా కొలిచాం’ అన్న ఒక్క వాక్యం ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడిస్తుంది. డిగ్రీలో పర్యావరణ అధ్యయనం ఎలాగూ ఉంది, సుప్రీంకోర్టు చెబితే యూజీసీ పెట్టిన సబ్జెక్టు. పరీక్ష ముందు రోజు గైడు చదివి పాసైపోయే ఆ సబ్జెక్టులో ప్రాజెక్టు కింద ఈ పని చేస్తామని మీ లెక్చరర్‌ను అడగండి. చాలామంది సంతోషిస్తారు, వాళ్లకూ ఆ గైడంటే విసుగే.

మొదలుపెట్టాల్సింది ఆఫీసు దగ్గర. పన్నెండు నెలల కరెంటు బిల్లులు అడగండి. పెద్ద కాలేజీ అయితే హెచ్‌టీ కనెక్షన్ ఉంటుంది, బిల్లులో కాంట్రాక్ట్ డిమాండ్, నమోదైన డిమాండ్, యూనిట్లు వేర్వేరుగా కనిపిస్తాయి. జనరేటర్ డీజిల్, మెస్ సిలిండర్లు, ఏసీ గ్యాస్ బిల్లులు పక్కన పెట్టుకోండి. డీజిల్ లీటరుకు 2.7 కిలోలు, వంట గ్యాస్ కిలోకు మూడు కిలోలు వేసుకుంటే మొదటి లెక్క ఒక్క సాయంత్రంలో తేలుతుంది. ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు చట్టం ఉంది. ప్రైవేటు యాజమాన్యం ‘మీకెందుకు’ అనొచ్చు. అప్పుడు కార్బన్ మాట ఎత్తకండి, రూపాయల మాట ఎత్తండి.

బిల్లులు అసలే ఇవ్వకపోతే ఇంకో దారుంది. సంక్రాంతి సెలవులకు ఊరెళ్లే రోజు ఎలక్ట్రీషియన్ అన్నను వెంటబెట్టుకుని మీటర్ రీడింగ్ రాసుకోండి. తిరిగి రాగానే మళ్లీ చూడండి. క్లాసులు లేవు, మెస్ లేదు, గదులకు తాళాలు. ఆ వారం రోజులూ ఆ మీటర్ ఎందుకు తిరిగిందో కనిపెట్టండి.