గర్భిణికి గోధుమ గింజంత సున్నం చాలునా?

పిడుగురాళ్ళ సున్నం తెలియని ఇల్లు మన గుంటూరు ప్రాంతంలో అరుదు. గోడకు వెల్ల వేయడానికైనా, తాంబూలానికైనా అదే. ఇటీవల దానికి మరొక ప్రయోజనం కూడా ప్రచారంలోకి వచ్చింది. గోధుమ గింజంత సున్నాన్ని పెరుగులో కలిపి రోజూ పుచ్చుకుంటే గర్భిణికి కాల్షియం మాత్రలతో పనిలేదని చెబుతున్నారు. మంగళగిరి చేనేత ఇళ్ళలోనూ, చుట్టుపక్కల ప్రత్తి, మిరప పండే పల్లెల్లోనూ ఈ మాట వినవస్తున్నది. గృహవైద్యాన్ని అభిమానించేవాడిగానే దీనిని నేను వ్యతిరేకిస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. తడి సున్నంలో సగం నీరే. గోధుమ గింజ పరిమాణంలో లభించే కాల్షియం 30 మిల్లీగ్రాములు దాటడం కష్టం. గర్భిణికి రోజుకు కావలసినది 1000 మిల్లీగ్రాములని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించింది. పోనీ సున్నం మోతాదు పెంచుదామా అంటే, అది నోటినీ అన్నవాహికనూ దహించే క్షారం.

కాల్షియం, మెగ్నీషియం రెండూ క్షారమృత్తిక లోహాలనే కుటుంబానికి చెందినవి. మన శంఖ, శుక్తి, ప్రవాళ భస్మాలకు మూలద్రవ్యం కూడా కాల్షియమే. అయితే వాటిని శుద్ధి చేసి, మోతాదు నిర్ణయించి ఇవ్వవలసినవాడు వైద్యుడు. గర్భిణికి చరకుడు మొదటి మాసం నుండే పాలను పథ్యంగా విధించాడు, సున్నాన్ని కాదు.

ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం గుర్రపువాతం. ఐదవ నెల దాటిన తరువాత కొందరు గర్భిణులకు రక్తపోటు పెరిగి, మూత్రంలో మాంసకృత్తులు పోయి, చివరకు ఫిట్స్ వస్తాయి. తల్లినీ బిడ్డనూ కూడా బలిగొనగల వ్యాధి ఇది. ఆహారంలో కాల్షియం తక్కువగా ఉన్న స్త్రీలకు దానిని అందిస్తే ఈ ముప్పు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. అందుకే 2014లో కేంద్ర ప్రభుత్వం గర్భిణులకు నాలుగవ నెల నుండి రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇవ్వాలని నిర్దేశించింది. వీటిని భోజనంతో పాటు వేసుకోవాలి. ఐరన్ మాత్రతో కలిపి మాత్రం వేసుకోరాదు; కలిపితే ఇనుము సరిగా ఒంటబట్టదు. రెంటికీ నడుమ కనీసం రెండు గంటల వ్యవధి ఉండాలి.

వంటింటి పాత్ర కూడా చిన్నది కాదు. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు, మునగాకులో 300కు పైగా, ఒక గ్లాసు పాలలో సుమారు 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మెగ్నీషియం ఆకుకూరల పచ్చదనంలోనూ, ధాన్యపు తవుడులోనూ ఉంది. తెల్లగా మరపట్టిన బియ్యంతో పాటు దానిని మనమే పారవేస్తున్నాము. రాగి సంకటి, మునగాకు పప్పు, మజ్జిగ మళ్ళీ మన విస్తళ్ళలోకి రావాలి. ఇవి మాత్రలకు తోడు, ప్రత్యామ్నాయం కాదు.

అయితే ఫిట్స్ వచ్చిన తరువాత వంటింటికి పని లేదు. అప్పుడు ప్రాణం నిలిపేది మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్. మన పెద్దలు విరేచనానికి వాడిన భేది ఉప్పు ఇదే. నోటి ద్వారా తీసుకుంటే విరేచనమే అవుతుంది. ఫిట్స్‌ను అది ఆపదు. వ్యాధి ముదిరినవారికి ముందుగానే ఈ ఇంజక్షన్ ఇస్తే ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 2002లో అనేక దేశాలలో జరిగిన పరిశోధన నిరూపించింది. మోతాదు మించితే శ్వాస ఆగిపోవచ్చు. దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ ఇంజక్షన్. ఒకే కుటుంబపు రెండు లోహాలలో ఒకటి ఔషధం, మరొకటి దాని విరుగుడు! ఇంత సున్నితమైన తూకాన్ని ఇంట్లో ఎవరు చూడగలరు?

తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం వాచడం, రొమ్ము కింద నొప్పి కనిపిస్తే ఆలస్యం చేయరాదు. ప్రసవమైన తరువాత కూడా ఈ ప్రమాదం ఉంటుంది. ఫిట్స్ వస్తే గాలి సోకిందని తాయెత్తు వెదకవద్దు, చేతిలో తాళాల గుత్తి పెట్టవద్దు, నోట్లో ఏమీ పోయవద్దు. ఎడమవైపు ఒత్తిగిలి పడుకోబెట్టి 108కి కబురు చేయండి. మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్న ఈ రోజుల్లో సున్నపు డబ్బాను నమ్ముకుని కాలయాపన చేయడం క్షమించరాని పొరపాటు.

సున్నం గోడకు వెలుగు. గర్భిణికి కావలసినవి మంచి ఆహారం, వేళకు మాత్ర, నెలనెలా రక్తపోటు పరీక్ష. ఎక్కడ ఆగాలో తెలిసినప్పుడే గృహవైద్యానికి గౌరవం.