పన్ను అందరిదీ, హక్కు కొందరిదా?

నగరపాలక సంస్థ పని చెత్త ఎత్తించడం, కాలువలు తీయించడం, కుళాయికి నీళ్లు వదలడం. ఎవరు ఎవరితో కాపురం చేస్తే దానికెందుకు? అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం సంగతి ఎత్తినప్పుడల్లా మిత్రులు నన్ను ఈ ప్రశ్నే అడుగుతారు. నిజానికి ఆ నగరం ఎవరి పడకగదిలోకీ తొంగిచూడలేదు. తన జమాఖర్చుల పుస్తకం చూసుకుంది, అంతే.

1996లో అమెరికా కేంద్ర ప్రభుత్వం స్వలింగ వివాహాన్ని గుర్తించబోమని చట్టం చేసింది. అదే ఏడాది ఈ నగర పాలకమండలి మరో శాసనం చేసింది. నగరంతో కాంట్రాక్టు కుదుర్చుకునే సంస్థ తన ఉద్యోగుల భార్యకో భర్తకో ఏ సౌకర్యాలు ఇస్తుందో, సహజీవన భాగస్వాములుగా నమోదైనవారికీ అవే ఇవ్వాలి. వైద్యబీమా, ఇంట్లో చావు జరిగితే సెలవు వంటివన్న మాట. ఇష్టం లేకపోతే మానుకోవచ్చు. కాంట్రాక్టు మాత్రం రాదు. 1997 జూన్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది.

ఇందులో తప్పేముంది? స్వలింగ జంటలోని ఇద్దరూ పన్ను కడతారు. ఆ డబ్బు పుచ్చుకున్న కాంట్రాక్టరు, పెళ్లయిన ఉద్యోగికి ఇచ్చేదాన్ని వాళ్లకు ఎగ్గొడితే, సొంత డబ్బుతో అవమానం కొనుక్కున్నట్టే కదా!

మతవిశ్వాసం మాటేమిటంటారా? కాథలిక్ మతపీఠం అభ్యంతరం చెప్పింది. 1997లోనే రాజీ కుదిరింది. ఉద్యోగి తన ఇంట్లో ఉండేవారిలో ఎవరో ఒకరి పేరు ఇవ్వవచ్చు. దానితో ముసలితల్లికీ, పెళ్లికాని చెల్లెలికీ కూడా దారి దొరికింది. విమానసంస్థల సంఘం కోర్టుకెక్కింది. కొంత నెగ్గింది, కొంత ఓడింది. శాసనాన్ని గట్టిగా ఎదిరించిన యునైటెడ్ ఎయిర్‌లైన్సే 1999లో ఆ సౌకర్యాలు ఇస్తానని ప్రకటించింది. ఏ కొంపా మునగలేదు.

ఎక్కువమంది ఒప్పుకున్నాక ఇస్తే పోలేదా అనే పెద్దమనుషులూ ఉన్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. 1989లో ఆ పాలకమండలి సహజీవన భాగస్వాములను గుర్తిస్తూ శాసనం చేస్తే నగర ఓటర్లు కొట్టేశారు. 1990లో ఆ ఓటర్లే గుర్తింపునకు సరేనన్నారు. 2008లో కాలిఫోర్నియా ఓటర్లలో నూటికి 52 మంది స్వలింగ వివాహాన్ని నిషేధించారు. 2013లో కోర్టుల వల్ల ఆ నిషేధం తొలగింది. 2024లో దాన్ని రాష్ట్ర రాజ్యాంగంలోంచి తీసేసినవారూ ఓటర్లే. మరి ఈలోగా కన్నుమూసినవారికి ఎవరు జవాబుదారీ?

తలల లెక్క అంటే ఏమిటో పొరుగు రాష్ట్రాల్లో తరతరాలుగా ఉంటున్న మనకు ఒకరు చెప్పాలా? తరగతికి 10 మందో, బడికి 40 మందో పిల్లలుంటేనే తల్లిభాషలో పాఠం అన్న కొలత 1949 నుంచి మన నెత్తిమీద ఉంది. తొమ్మిదిమందే ఉంటే ఆ పిల్లల అమ్మ భాష మారిపోతుందా?

రెండు కష్టాలూ ఒకటేనని నేననను. మన భాషను ఎవరూ నేరమనలేదు. వాళ్ల కలయిక మన దేశంలో 2018 దాకా నేరమే. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు వారికి పెళ్లి హక్కు ఇవ్వలేదు, అది చట్టసభల పని అంది. ఆ కేసులో ముందు నిలిచింది మన హైదరాబాదు జంటే.

పార్లమెంటు కదిలేదాకా మన నగరాలు చేతులు కట్టుకు కూర్చోవాలా? అవీ కాంట్రాక్టులు ఇస్తాయి, అవీ అందరి దగ్గరా పన్ను వసూలు చేస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కో తన చేతిలో ఉన్నంత మేరకు చేసింది. మన నగరాలనూ అదే అడుగుదాం. మనకు కావలసినప్పుడు మాత్రమే అల్పసంఖ్యాకుల హక్కులు గుర్తొచ్చి, పక్కవాడు అడిగినప్పుడు ముఖం తిప్పుకుంటే, రేపు మన అర్జీని ఎవరు చదువుతారు?