ప్రేమతో వేసినా... గడియ గడియే!

ఆమెకు డెబ్బై దాటాయి. దెందులూరు చుట్టుపక్కల ఓ పల్లె. వివరాలు కాస్త మార్చి చెబుతున్నాను. ఆరు నెలల్లో నా ఓపీకి ఎనిమిదిసార్లు వచ్చారు. ప్రతిసారీ అవే మాటలు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఒళ్లంతా నొప్పులు. బీపీ అదుపులోనే ఉంది. షుగర్ లేదు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా చేయించాను. అన్నీ బాగానే ఉన్నాయి. కాల్షియం రాశాను, బీ12 రాశాను, ఓసారి నిద్రమాత్రా రాశాను. "ఇంట్లో ఏమైనా ఇబ్బందా అమ్మా?" అనడిగితే, "అబ్బే, లోటేం లేదండీ. మా అబ్బాయి బెంగళూరు నుంచి రోజూ ఫోన్ చేస్తాడు. ఏసీ పెట్టించాడు, పనిమనిషిని పెట్టాడు" అనేవారు. నేనూ అంతటితో వదిలేసేవాణ్ని.

అసలు సంగతి ఓపీలో కాదు, ఓ సినిమా దగ్గర బయటపడింది.

పోయిన వేసవిలో ఓ రిటైర్డ్ తెలుగు మాస్టారు, ఇద్దరు ఆశా కార్యకర్తలు, నేను కలిసి నాలుగు ఆదివారాలు ఊరి కమ్యూనిటీ హాల్లో సినిమాలు వేశాం. అద్దె ప్రొజెక్టరు, గోడకు తెల్ల దుప్పటి. మాస్టారు దానికి 'సినిమా క్లాసు' అని పేరు పెట్టారు. సినిమా చూడటం, తర్వాత అరగంట మాట్లాడుకోవడం... అంతే. అంశం కూడా ఆయనదే: నాలుగు గోడల మధ్య చిక్కుకున్న మనుషులు.

మొదటి వారం బి.ఎన్.రెడ్డిగారి 'మల్లీశ్వరి'. 1951 నాటి సినిమా కాబట్టి పెద్దవాళ్లే ఎక్కువమంది వచ్చారు. నాగరాజు పరాచికానికి అన్న మాటతో మల్లి ఇంటి ముందుకు రాణివాసం పల్లకి వస్తుంది. అక్కడ ఆమెకు పట్టుబట్టలు, నగలు, ఆదరణ అన్నీ ఉంటాయి. గడప దాటే వీలు మాత్రం ఉండదు. సినిమా అయ్యాక "మల్లికి ఏం తక్కువైంది?" అని మాస్టారు అడిగారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక వరసలోంచి మా పెద్దావిడ అన్నారు: "లోటేం లేదు కదండీ, నాకులాగే."

ఆ మాట విని నాకు సిగ్గేసింది. ఎనిమిదిసార్లు ఆమె నాడి చూశాను. ఇది మాత్రం పట్టుకోలేకపోయాను.

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చారు. ఏడాది కిందట గుడి మెట్ల దగ్గర జారిపడ్డారు. ఎముకకేమీ కాలేదు. కొడుకు మాత్రం హడలిపోయాడు. "ఇక బయటికి వెళ్లొద్దమ్మా" అన్నాడు. వరండాలో కెమెరా పెట్టించాడు. గేటు దాటితే ఫోన్ మోగుతుంది. గుడి మానేశారు, పక్కింటి అరుగు మానేశారు. ఆ కొడుకు చెడ్డవాడు కాడు. తల్లి మీద బెంగతోనే అలా చేశాడు. కానీ ప్రేమతో వేసినా గడియ గడియే. శరీరానికి ఆ తేడా తెలియదు.

శరీరంలో జరిగేదేమిటి?

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 10 రోజులపాటు మంచానికే పరిమితం చేసి చూసిన ఓ అధ్యయనం 2007లో అమెరికాలో వెలువడింది. ఆ 10 రోజుల్లోనే వాళ్ల కాళ్లలో కండ దాదాపు కిలో తగ్గింది. ఇంటికే పరిమితమైనవాళ్లలో ఇంత వేగంగా జరగకపోవచ్చు. దారి మాత్రం అదే. పడిపోతారన్న భయంతో కదలనివ్వకపోతే కాళ్లు బలహీనపడతాయి. బలహీనపడ్డ కాళ్లే మళ్లీ పడేస్తాయి.

మనుషులతో మాటలు తగ్గడం వల్ల కలిగే నష్టం వేరు. పలు పాత అధ్యయనాలను కలిపి 2016లో విశ్లేషిస్తే, ఒంటరిగా ఉండేవాళ్లలో గుండెజబ్బు ముప్పు 29 శాతం, పక్షవాతం ముప్పు 32 శాతం ఎక్కువగా కనిపించాయి. మతిమరుపు జబ్బుకు దారితీసే 14 అంశాలను లాన్సెట్ కమిషన్ 2024లో లెక్కగట్టింది. జాగ్రత్తపడితే తగ్గించుకోదగ్గ ఆ అంశాల్లో ఒంటరితనం ఒకటి. చెవుడు, చూపు మందగించడం కూడా అందులో ఉన్నాయి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. నిద్రలేమి, ఆకలి మందగించడం, ఎక్కడెక్కడో నొప్పులు... చాలామందిలో ఒంటరితనం ఈ వేషాల్లోనే డాక్టరు దగ్గరికి వస్తుంది.

తలుపు తెరిచాక కూడా...

రెండో వారం 'మిథునం' వేశాం. తనికెళ్ల భరణిగారు 2012లో తీసిన ఈ సినిమాలో తెర మీద కనిపించేది ఇద్దరే మనుషులు. పిల్లలంతా విదేశాల్లో. వండుకోవడం, తినడం, కీచులాడుకోవడమే కథ. అందరూ నవ్వుతూ చూశారు. భార్య పోయి మూడేళ్లైన ఓ పెద్దాయన ఒక్కరే కళ్లు తుడుచుకున్నారు. "మాట్లాడ్డానికి ఎవరో ఒకరు దొరుకుతారండి. పోట్లాడ్డానికే మనిషి లేదు" అన్నారు.

మూడో వారం 2015లో వచ్చిన 'రూమ్' అనే ఇంగ్లిష్ సినిమా. మాస్టారు అర్థం చెబుతూ చూపించారు. ఓ యువతిని ఏడేళ్లుగా ఒక షెడ్డులో బంధించి ఉంచుతారు. అక్కడే పుట్టిన కొడుక్కి ఐదేళ్లు. సగం సినిమాకే ఇద్దరూ బయటపడతారు. తల్లికి అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. తలుపు తెరుచుకున్నా మనసు వెంటనే బయటికి రాదు.

ఆ రోజు ఓ కుర్రాడు నోరు విప్పాడు. క్షయ వచ్చి ఆరు నెలలు మందులు వాడాడు, నయమైంది. జబ్బు తెలిసిన రోజున ఇంట్లోవాళ్లు పెరటి గది ఇచ్చారు, కంచం, గ్లాసు వేరు చేశారు. "మందులైపోయి ఏడాదైందండి. కంచం ఇంకా వేరే" అన్నాడు. ఇంట్లో అడగడానికి అతనికి మొహమాటం, చెప్పడానికి వాళ్లకు భయం. నిజానికి క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది, కంచం, గ్లాసు వల్ల కాదు. సరైన మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే చాలామందిలో ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఇది నేను ఓపీలో రోజూ చెప్పే మాటే. ఆ ఇంటికి మాత్రం సినిమా ద్వారానే చేరింది.

ఇంకో మాట. ఒంటరితనానికి తలుపు, తాళం అక్కర్లేదు. కొల్లేరు వైపు చేపల చెరువుల గట్ల మీద నెలల తరబడి కాపలా ఉండేవాళ్లను అడగండి, చెబుతారు. చుట్టూ జనం ఉన్నా అది తప్పదు. మాటల్లో ఎవరో సిల్క్ స్మిత పేరెత్తారు. "మా పక్కూరి పిల్లేనండి" అన్నారు ఓ పెద్దాయన. నిజమే, ఆమెది దెందులూరు మండలం కొవ్వలి. వందల సినిమాల్లో నటించారు, దేశమంతా చూసింది. 1996లో 35 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆత్మహత్య అని అప్పటి వార్తలు. కారణాలు తవ్వడం మన పని కాదు. చూసేవాళ్లు లక్షల్లో ఉన్నంత మాత్రాన, తోడున్నట్టు కాదని గుర్తుంచుకుంటే చాలు.

టీవీ ఉందిగా, చాలదా?

"ఇంట్లో టీవీ ఉంది, ఫోనులో సినిమాలున్నాయి. దీనికోసం హాలెందుకు?" అంటారేమో. మేలు చేసింది సినిమా ఒక్కటే కాదు, తర్వాతి అరగంట. 'నా కొడుకు నన్ను కట్టేశాడు' అని ఏ తల్లీ అనలేదు. మల్లి గురించైతే ఎంతైనా మాట్లాడుతుంది. ఇది వైద్యానికి బదులు కాదు. డిప్రెషన్ ఉంటే చికిత్స కావాల్సిందే. కానీ జబ్బెక్కడుందో చూపించే దీపం లాంటిది.

మీ అపార్టుమెంటులో, మీ వీధిలో పది కుర్చీలు వేయగలిగితే చాలు. నెలకో సినిమా. మంచానికి పరిమితమైనవాళ్లుంటే వాళ్ల గదిలోనే నలుగురూ కూర్చోండి. అయ్యాక "బాగుందా?" అని అడక్కండి. "ఆ మనిషి స్థానంలో ఉంటే మీరేం చేసేవారు?" అని అడగండి. వాళ్లు చెబుతుంటే మధ్యలో సర్దిచెప్పకండి.

పడిపోతారన్న భయం సమంజసమే. దానికి మందు గడియ కాదు. బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీలు పెట్టించండి. జారని చెప్పులు, చేతికర్ర కొనివ్వండి. ఏటా కళ్లు, చెవులు చూపించండి. వాడుతున్న మందుల్లో తల తిప్పేవి ఉన్నాయేమో డాక్టర్ని అడగండి. రోజూ ఒకరు తోడు వెళ్లి కాసేపు నడిపించండి. ఆకలి, నిద్ర, ఆసక్తి రెండు వారాలకు మించి తగ్గితే డాక్టరుకు చూపించండి. బతకాలని లేదనే మాట వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. టెలి మానస్ 14416 ఏ వేళలోనైనా పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. పెద్దవాళ్ల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

మా పెద్దావిడ ఇప్పుడు సాయంత్రాలు చేతికర్రతో గుడిదాకా వెళ్తున్నారు, పనమ్మాయి తోడుగా. మోకాళ్ల నొప్పులు పోలేదు. నిద్రమాత్ర మాత్రం ఆపేశాం. కొడుకు ఇప్పటికీ రోజూ ఫోన్ చేస్తాడట. ఇదివరకు "బయటికి వెళ్లలేదు కదా?" అనేవాడు. ఇప్పుడు "ఇవాళ ఎటు వెళ్లావమ్మా?" అంటున్నాడట.

ఈ రాత్రి మీ ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీరేం అడుగుతారు?