గూళ్ళను లెక్కించవలెను

సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టు చెరువును మీరెరుగుదురు. 1976లో పక్షులకు రక్షిత కేంద్రమైన ఆ చోటు సుమారు 459 హెక్టార్లు మాత్రమే. అచ్చట కడప చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. వాటి లెక్క తీయుట మంచి పనియే. కాని ఒక పూట గట్టుమీద నిలిచి, కనబడిన పక్షులను లెక్కించి పోయినచో ప్రయోజనము స్వల్పము. తల్లిపక్షి మేతకై పులికాటుకు పోవును. ఉదయము కనబడినది మధ్యాహ్నమునకు కానరాదు. గూడు ఎక్కడికీ పోదు కదా! కావున చెట్ల క్రిందికి పోయి బెదరించక, దూరమునుండియే గూళ్ళను వారము వారము లెక్కించవలెనని నా అభిప్రాయము.

చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్యములో ఏనుగుల చిక్కును ఇట్టిదే. అచ్చటి మంద పొరుగు రాష్ట్రముల అడవులలోనికి దాటిపోవును. అందుచేతనే 2024 మే నెలలో ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక, కేరళ రాష్ట్రములు ఒకే దినములలో ఏనుగులను లెక్కించినవి. ఏనుగు కంటబడని చోట లద్దెలను బట్టి అంచనా కట్టుదురు.

ఈ గొడవ మనకేల అందురా? రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని నేలపట్టు రైతులే చెప్పుదురు. నీరు తగ్గినచో గూళ్ళును తగ్గును. ఏ వారములో తగ్గినవో వ్రాసిపెట్టి ఉన్నచో, తూము ఎప్పుడు ఎంత తీయవలెనో తగవులేక మాట్లాడుకొనవచ్చును. అంకె లేనిచో గొంతు పెద్దదైనవానిదే గెలుపు. ఆ చెట్ల సంగతి చెరువు నీరుగంటికి తెలిసినంత మరెవరికి తెలియును? లెక్కకు వచ్చు ఉద్యోగులు మొదట అతనిని అడుగవలెను.