కొత్త కాపురం – మొదటి వారం

పిల్లను కొత్త కాపురానికి పంపేటప్పుడు పెద్దవాళ్ళు రాసుకునే జాబితా మీకు తెలియనిది కాదు. ఆవకాయ జాడీ, పోపుల పెట్టె, పరుపులు, దిండ్లు, దేవుడి పటం. మా అన్నయ్య కాకినాడలో కూర్చుని తన కూతురి కోసం అలాంటి జాబితా రెండు ఠావుల పొడుగున రాశాడు. అట్లకాడతో సహా అన్నీ పంపాడు. అయినా వారం తిరక్కుండానే ఆ అమ్మాయీ, అబ్బాయీ ముఖాలు వేలాడేసుకుని ఇక్కడ హైదరాబాదులో మా ఇంటికి వచ్చారు. ఏం జరిగిందో చెబుతాను. మీ ఇంటినుంచి కూడా ఇలాంటి జంట బయలుదేరబోతూ ఉండవచ్చు కదా!

సోమవారం పొద్దున్నే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో లింగంపల్లిలో దిగారు. మియాపూర్ దగ్గర రెండు గదుల వాటా కుదిరింది. అద్దె 14 వేలు, రెండు నెలల అడ్వాన్సు. అంటే గడప దాటి లోపలికి అడుగుపెట్టేసరికి 42 వేలు చెల్లించాలి. అబ్బాయి చెల్లించాడు. అంత డబ్బు ఎక్కడిదని అమ్మాయి అడగలేదు. అతను చెప్పనూ లేదు.

ఇంటావిడ మంచి మనిషే. "నల్లా రోజిడిచి రోజు వస్తది, రేపు పొద్దుగాల బిందెలు పెట్టుకో బిడ్డా" అని చెప్పింది. మన పిల్లకు కుళాయి తెలుసు గాని నల్లా తెలియదు. అడిగితే నవ్వుతారేమోనని తల ఊపి ఊరుకుంది. మంగళవారం తెల్లవారుజామున వాకిట్లో బిందెల చప్పుడు వింటూ మంచం మీదే ఉండిపోయింది. మధ్యాహ్నానికి తాగడానికి చుక్క లేదు. నీళ్ళ డబ్బా కొనుక్కున్నారు.

బుధవారం కూరగాయలకని బస్సెక్కింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ వారి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం ఉంది. కాని అది ఈ రాష్ట్రంలో ఉంటున్నట్లు గుర్తింపు కార్డు చూపినవాళ్ళకే. మనమ్మాయి ఆధార్ కార్డు మీద కాకినాడ చిరునామా! చుట్టూ ఉన్నవాళ్ళంతా డబ్బివ్వకుండా కూర్చుంటే తనొక్కతే టిక్కెట్టు కొనుక్కుంది. పోయిన డబ్బు కొంచెమే. కాని, "నువ్వింకా ఈ ఊరిదానివి కావు" అని నలుగురిలో చెప్పినట్లయింది పాపం.

గురువారం అబ్బాయి అన్నం క్యారియరు మరిచిపోయి ఆఫీసుకు వెళ్ళాడు. అతని ఆఫీసు రాయదుర్గం దగ్గర. ఆశ్చర్యపరుద్దామని అమ్మాయి క్యారియరు పట్టుకుని మియాపూర్‌లో మెట్రో రైలెక్కింది. అమీర్‌పేటలో దిగి బండి మారాలి. మారింది. కాని రాయదుర్గం వైపు వెళ్ళే బండి కాదు, నాగోలు వైపు వెళ్ళే బండి! చివరి స్టేషనులో అందరూ దిగిపోయాక గాని సంగతి తెలియలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని నిలబడితే, ప్లాట్‌ఫారం ఊడుస్తున్న ఒకావిడ, "ఎటు పోవాలమ్మా?" అని అడిగి తిరుగు బండి చూపించింది. అప్పటికే భోజనాల వేళ దాటిపోయింది. క్యారియరు విప్పకుండానే ఇంటికి తెచ్చింది. రాత్రి మొగుడితో ఆ ముక్క అనలేదు. రెండు బండ్లు సరిగా మారడం చేతకాని దాన్ని కట్టుకున్నానని అనుకుంటాడని భయం!

శుక్రవారం నుంచి అబ్బాయికి ఒకటే ఫోన్లు. మోగినప్పుడల్లా బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంటున్నాడు. శనివారం ఉదయం అమ్మాయి ఫోనుకే ఒక సందేశం వచ్చింది. "నీ భర్త దొంగ, అప్పు ఎగ్గొట్టాడు" అని, ఇంకా ఇక్కడ రాయలేని మాటలు. అదే సందేశం కాకినాడలో మా అన్నయ్యకూ వెళ్ళింది.

అడ్వాన్సుకు 9 వేలు తక్కువైతే, అబ్బాయి సెల్‌ఫోన్‌లో క్షణంలో అప్పిస్తామనే వాళ్ళ దగ్గర 15 వేలు తీసుకున్నాడు. చేతికి వచ్చింది 9 వేలే. మిగతాది ఖర్చులని కోసుకున్నారు. ఏడో రోజుకల్లా 15 వేలూ కట్టాలి. లెక్క వేసి చూడండి: వారానికి నూటికి అరవై ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ! ఊళ్ళో ఎవరైనా నెలకు నూటికి మూడు రూపాయలడిగితే కళ్ళెర్రజేస్తాం.

"అప్పు చేసినందుకు కాదత్తయ్యా, నాకు చెప్పనందుకు" అని అమ్మాయి ఏడుపు. "తాళి కట్టి నెల కాలేదు, చేతిలో డబ్బు లేదని ఎలా చెప్పను పిన్నిగారూ?" అని అబ్బాయి గొణుగుడు. అప్పుడు అమ్మాయి నాగోలు ప్రయాణం బయటపెట్టింది. అతను తెల్లబోయాడు. ఒకరి ముందు ఒకరు తక్కువ కాకూడదని ఇద్దరూ ఒకే తప్పు చేశారు.

సరే, చేయవలసింది చూడాలి గదా. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఇలాంటి అప్పులకు నియమాలు పెట్టింది. అప్పిచ్చే బ్యాంకో, ఫైనాన్సు సంస్థో ఎవరన్నది చెప్పాలి. ఖర్చులన్నీ కలిపి ఏడాదికి వడ్డీ ఎంత పడుతుందో ముందే కాగితం మీద చూపాలి. మన ఫోనులోని పేర్లూ, నంబర్లూ ముట్టుకోకూడదు. ఈ పెద్దమనుషులు ఒక్కటీ పాటించలేదు. అందుకని ఆ సందేశాలు చెరిపేయకుండా దాచమన్నాను. సైబర్ నేరాలకు దేశమంతటికీ ఒకే నంబరు 1930, దానికి చేయించాను. తరువాత పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. అన్నిటికన్నా ముందు, బంధువులకూ ఆఫీసు స్నేహితులకూ అబ్బాయి చేతనే ఫోన్లు చేయించి ఉన్నమాట చెప్పించాను. గుట్టు బయటపడుతుందన్న భయమే వాళ్ళ ఆయుధం. గుట్టు మనమే విప్పేస్తే ఇక వాళ్ళేం బయటపెడతారు? మరో రెండు రోజులు మోగి ఆ ఫోన్లు ఆగిపోయాయి.

మా అన్నయ్య ఏమన్నాడో తెలుసా? "అల్లుడుగారూ, అట్లకాడ దాకా గుర్తుపెట్టుకుని రాశానే, చేతిలో ఎంత ఉందని అడగడం మరిచాను. తప్పు నాది" అన్నాడు. అది విని అబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు.

కాబట్టి తల్లులారా, మీ జాబితాలో ఇంకొక్క పంక్తి చేర్చండి. కొత్త ఊళ్ళో మొదటి మూడు నెలల ఖర్చూ రైలెక్కకముందే మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి కూర్చుని లెక్క వేసుకోవాలి. తక్కువైతే పెద్దలను అడగాలి. అడగడం చిన్నతనం కాదు.

ఆ మరుసటి నీళ్ళ రోజున అమ్మాయి తెల్లవారకుండానే బిందెతో వెళ్ళి, నల్లా అంటే తెలియక ఊరుకున్నానని ఇంటావిడతో ఒప్పేసుకుందట. ఆవిడ పకపకా నవ్వి, "గోదారి నీళ్ళే బిడ్డా, మీవే!" అన్నదట. నిజమే. ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు 2015లో ఈ నగరానికి వచ్చాయి. ఆ బిందె నింపుకుని వచ్చి మా అమ్మాయి నాకు ఫోను చేసింది. గొంతులో బెంగ లేదు.